నేతి గిన్నె, యూరోపియం

బెండి జగన్నాథం మాస్టారికి ఒక అలవాటుంది. లేబొరేటరీలో ఎవరైనా సందేహం అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. ఆయన దగ్గర పరిశోధన చేసే మేమంతా ఆ అలవాటును చాటుగా తిట్టుకునేవాళ్ళం. ఒక్కసారి మాత్రం నోళ్ళు మూతపడ్డాయి.

మాలో సుభాషిణి సోలార్ సెల్ మీద వేసే పూత తయారుచేస్తోంది. ఎండలో సెల్ వాడుకోలేని అతినీలలోహిత కాంతిని ఆ పూతలోని యూరోపియం పట్టుకుని, సెల్‌కు పనికొచ్చే ఎర్ర వెలుగుగా మార్చి వదలాలి. యూరోపియం రేర్ ఎర్త్ లోహాల్లో ఒకటి. మాకు చిటికెడు దొరకడమే గగనం. కొంచెం వేస్తే పూత కాస్త మెరిసింది. ఇంకా మెరవాలని ఐదింతలు వేసింది, మసకబారింది. పది రోజుల్లో కమిటీ వస్తుంది. పూత వెలగకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది. సీసా అడుగున మిగిలింది కాస్తే.

"మాస్టారూ, వెలుగిచ్చేదే అది కదా! ఎక్కువ వేస్తే ఎందుకు చస్తోంది? ఉన్నదంతా వేసెయ్యనా?" అంది ఏడుపు గొంతుతో.

ఆయన సీసా తీసి జేబులో వేసుకున్నారు. "ఆదివారం మా మనవరాలి బారసాల. నెయ్యి వడ్డించే బాధ్యత నీది తల్లీ. ఎంతమంది కావాలంటే అంతమందిని తెచ్చుకో."

ఆవిడ ఊరుకుంటుందా? ఏకంగా పన్నెండు మందిమి వెళ్ళాం. డాబా మీద బంతి కూర్చుంది. విస్తళ్ళలో అన్నం, పప్పు పడ్డాయి. వరసల మధ్య సందులో మేం భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డాం. ఒకరు గిన్నె ఎత్తగానే పక్కవాడు "ఇలా ఇవ్వండి, నేను వేస్తాను" అనడం, అతని చేతిలోంచి ఇంకొకరు అందుకోవడం. పాపం, అందరికీ మర్యాదే! గిన్నె పన్నెండు చేతులూ మారింది. చివరివాడు ఇంక ఎవరికివ్వాలో తెలియక చేతులు కడుక్కునే డ్రమ్ము మీద పెట్టేశాడు. ఆ ఘనుణ్ణి నేనే.

"ఏమర్రా, నెయ్యి మీలో మీరే తిప్పుకుంటారా, మా విస్తట్లో కూడా వేస్తారా?" అని ఒక ముసలావిడ కేకేసింది. డాబా అంతా గొల్లుమంది.

సుభాషిణి సిగ్గుతో కందిపోయి, తొమ్మిదిమందిని కిందికి తరిమింది. మిగిలిన ఇద్దరినీ ఆ చివర ఒకరిని, ఈ చివర ఒకరిని నిలబెట్టింది. రెండు నిమిషాల్లో విస్తళ్ళన్నీ ఘుమఘుమలాడాయి. అంతలో ఆవిడ నడి వరసలో టక్కున ఆగిపోయింది.

"మాస్టారూ! ఆ యూరోపియం కణాలు కూడా మరీ పక్కపక్కన ఉంటే, పట్టిన కాంతిని వాటిలో అవే చేతులు మార్చుకుని..."

"ముందు వడ్డన కానీ అమ్మా, పెద్దావిడ చూస్తోంది" అని ఆయన సీసా సుభాషిణి చేతిలో పెట్టారు.

ఆవిడ మొదటిసారి వేసినదాంట్లో సగమే తీసుకుంది. ఎక్కడా గుమిగూడకుండా రెండు రోజులు ఓపిగ్గా కలిపింది. కమిటీ వచ్చే ముందురోజు పూతను అతినీలలోహిత దీపం కింద పెడితే, గది గోడలు కూడా ఎర్రబడ్డాయి. మేం ఈలలు వేశాం. సుభాషిణి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. సీసాలో ఇంకా మిగిలే ఉంది.

మాస్టారు వంగి, కళ్ళజోడు సర్దుకుని, ఆ వెలుగును తనివితీరా చూశారు.

"నెయ్యి పడిందిగా తల్లీ" అన్నారు. "ఇక కలుపుకో."