నెమలి పావుకోళ్ళు

ఏమర్రా, మీ బళ్ళో ఆటస్థలం ఎలా ఉండాలో ఎవరు చెప్పాలి? కట్టే మేస్త్రీయా, ఆడుకునే మీరా? తొందరపడకండి, కథ విన్నాక చెబుదురుగాని.

మకరధ్వజుడనే రాజుకి ఒకనాడు భోజనం మధ్యలో కోరిక పుట్టింది. సాలెవాడలో జనం కూర్చోడానికీ, పిల్లలు ఆడుకోడానికీ ఒక చోటు కట్టించాలని.

"ఒకటే షరతు. కాపలావాడు ఉండకూడదు, నూరేళ్ళు నిలవాలి" అన్నాడు.

ఆస్థాన స్థపతి విరూపాచారి మర్నాటికే పటం గీసుకొచ్చాడు. నడుమ నీళ్ళు చిమ్మే రాతి ఏనుగు, చుట్టూ చలువరాతి మండపం. అడ్డొచ్చే వేపచెట్ల వరస కొట్టేయాలి. ఈ ఆచారికి తనంటే తనకెంత ముచ్చటంటే, పావుకోళ్ళ అడుగున నెమళ్ళు చెక్కించుకున్నాడు. తాను నడిచిన దారి నలుగురికీ తెలియాలిగా మరి.

రాజుకి తాంబూలం అందించే గురవమ్మ ఆ పటంలోకి తొంగిచూసింది. ఆమె పుట్టిల్లు సాలెవాడే. పడుగంటే తెలుసా? బట్టలో నిలువుగా ఉండే దారాలు. మగ్గానికి ఎక్కించేముందు వాటిని వీధిలో బారుగా సాగదీసి గంజి పట్టిస్తారు. ఆ పని జరిగేది ఆ వేపల నీడనే. చెట్లు పోతే మగ్గాలు ఆగుతాయి.

"ప్రభూ, అక్కడివాళ్ళని ఒక్కమాట అడిగితే?" అంది.

"నేతగాళ్ళకి పటం గీయడం వచ్చునటే?" అని నవ్వాడు ఆచారి.

"వచ్చు బాబూ. మూడు రోజుల్లో గీయిస్తాను. లేకపోతే ఈ తాంబూలపు పళ్ళెం ఇక్కడ పెట్టేసి కొలువు మానేస్తాను."

రాజుకి పందేలంటే సరదా. సరేనన్నాడు.

గురవమ్మ వాడలో ఆ చోటు కట్టబోయే ఖాళీ స్థలమంతా ఏటి ఇసుక పల్చగా పరిపించి, తన పాటికి తాను కొలువులో తమలపాకులు తుడుచుకుంటూ కూర్చుంది.

"ఏం గురవమ్మా, పటం ఇసుకలో మొలుస్తోందా?" అన్నాడు ఆచారి రెండోనాడు సభలో.

"మొలుస్తోంది బాబూ."

మూడోనాటి సాయంత్రం రాజు పరివారంతో వచ్చాడు. "పటమేదీ?"

"తమ ముందే ఉంది ప్రభూ." వేపల కింద బారుగా పెద్దవాళ్ళ అడుగులు, అది పడుగు దారి. బావి పక్కన గుండ్రంగా చిన్న పాదాలు. గోడవార ముసలివాళ్ళ చేతికర్రల గుంటలు. ఏనుగు నిలబడాల్సిన చోట మాత్రం సాయంత్రమైనా ఇంకా ఎండ మాడ్చేస్తోంది, వాడవాళ్ళ అడుగు ఒక్కటీ లేదు. "ఎవరి చోటు వాళ్ళే గీసుకున్నారు. అరుగులూ వాళ్ళే వేసుకుంటారు. తన చేత్తో అలికిన అరుగుని ఎవరు పాడుచేస్తారు ప్రభూ? ఇంక కాపలా ఎందుకు?"

ఆచారి మూతి తిప్పాడు. "తెలివిలేని జనం. చదువుకున్నవాడెవడైనా ఆ చెట్ల కింద కూర్చుంటాడా? నేనైతే ఈ వాడలో అడుగే పెట్టలేదు."

గురవమ్మ వేలు చూపించింది. ఇసుకలో నెమళ్ళు. వాడ మొగలోంచి ఏనుగు చోటుదాకా వచ్చాయి, అక్కడ గిర్రున తిరిగాయి, గబగబా వేపల కిందకి నడిచాయి. అక్కడ రెండు నెమళ్ళు పక్కపక్కనే ఆగాయి. వాటి పక్కన ఒక మనిషి వెల్లకిలా పడుకున్న అచ్చు, బొజ్జ మీద చేతులు పెట్టుకున్నట్టు మోచేతుల గుంటలతో సహా.

"ఆచారిగారు మా పటానికి నిన్ననే ఒప్పుకున్నారు ప్రభూ. పడుకుని మరీ ముద్ర వేశారు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడంతా నవ్వింది. "నిన్న ఎండ మరీ..." అంటూ ఆచారి కూడా నవ్వేశాడు. ఆ తాంబూలపు పళ్ళేన్ని బంగారంతో చేయించి గురవమ్మకే ఇచ్చాడు రాజు. అరుగులకి మట్టి తొక్కేటప్పుడు పావుకోళ్ళు విప్పి దిగమని ఆచారికి చెప్పాడు.

ఇప్పుడు చెప్పండి మీ బడి సంగతి. ఊఁ, ఆలోచిస్తూ ఉండండి. మేడమీద వడియాలు సగమే పెట్టి వచ్చాను. కాకి వాటి మీద పటం గీసేలోపు వెళ్ళాలి.