దివాను గారి మీసంలో దొంగసొత్తు

వెనకటికి ఓ రాజ్యంలో బయన్న అనేవాడు అడవిలో తుమ్మచెట్లకు గాటు పెట్టి, కారిన బంక తీసి అమ్ముకుని బతికేవాడు. బంక తీశాక ఆ గాటుకు మట్టి మెత్తి, "చల్లగా ఉండు తల్లీ" అని దణ్ణం పెట్టుకుని గానీ కదిలేవాడు కాదు.

కొత్తగా వచ్చిన దివాను రంగపతి, చెట్ల బంక తీస్తే రాజుగారి సొత్తు దొంగిలించినట్టేనని చాటింపు వేయించాడు. బయన్నను సభకు ఈడ్పించి, కోరమీసం దువ్వుకుంటూ అన్నాడు: "వీణ్ణి పొలిమేర దాటించాలి ప్రభూ. దొంగబంక పుచ్చుకున్నవాళ్లకీ అదే శిక్ష. ఎవరెవరు పుచ్చుకున్నారో చెప్పరా."

"నా బుర్రనిండా బంకేనంటుంది మా ఇంటిది. అయినా గుర్తున్నంత మేరకు చెబుతాను దొరా," అన్నాడు బయన్న. "ఈ చాటింపు రాసిన సిరాలోకి రాయసంవారు పుచ్చుకున్నారు. ప్రభువుల దగ్గుమందులోకి వైద్యులవారు పుచ్చుకున్నారు. తమరి మీసం నిలబెట్టడానికి మంగలి నిన్ననే పట్టుకెళ్లాడు. ఆ సొత్తు ఇంకా అక్కడే ఉంది. వేణ్ణీళ్లు తెప్పిస్తే కడిగి రాజుగారికి అప్పగించేద్దాం."

దివాను చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. రాజుగారు బుగ్గనున్న మందుగోళీని నిదానంగా ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకున్నారు.

"దివాను గారూ, పొలిమేర దాకా మనం ముగ్గురం కలిసి నడుద్దామా, చాటింపు వెనక్కి తీసుకుంటారా?" అన్నారు రాజుగారు.

చాటింపు వెనక్కి పోయింది. అప్పటినుంచి ఏటా తొలి బంకముద్దను బయన్న దివానుకే ఊరికే పంపేవాడు.

"ఆయనకెందుకయ్యా?" అంది భార్య.

"ఆ మీసమే లేకపోతే మనకీ అడవి ఉండేదా? దాన్నీ చల్లగా ఉండనీ," అని ఊరివైపు తిరిగి దణ్ణం పెట్టాడు బయన్న.