ఇప్ప విరగబూసిన ఏడు

"అడవిలో ఇప్పపూలు విరగబూసిన ఏడు వేటగాడికి దుప్పి తేలిగ్గా దొరుకుతుందా, కష్టంగా దొరుకుతుందా? చెప్పండి చూద్దాం," అని అడిగింది వరహాలమ్మ మామ్మ, ఆవకాయకు కొట్టించిన మామిడిముక్కల్ని పొడిగుడ్డతో తుడుస్తూ. పాడేరు వైపు కొండల్లో బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి. ప్రశ్న వేశాక జవాబు వచ్చేదాకా చూపు తిప్పుకోదు. మనవరాలు "తేలిగ్గా" అంది. అక్క ఏమంటే దానికి ఎదురు చెప్పడం అలవాటు గనక మనవడు "కష్టంగా" అన్నాడు. "కారణం?" అంది మామ్మ. ఇద్దరూ మామిడిముక్కలకేసి చూశారు. "కారణం లేని జవాబుకి మార్కులు లేవు," అని ఆవిడ గుడ్డ మడత మార్చుకుని, దుప్పిని కొడితే జైల్లో పెట్టే చట్టం ఇంకా రాని రోజుల నాటి సంగతి ఒకటి చెప్పింది.

ఆ కొండల్లో ఒక గూడెం. అక్కడ వేట నేర్పే గురువు బుదరయ్య అని ఒక ముసలాయన. ఆయనకొక అలవాటుంది. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడు. చుట్ట వెలిగించి, ఊళ్లో ఏం జరుగుతోందో అటుకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆయన దగ్గర కొత్తగా చేరిన శిష్యుడు సుక్రన్న. పొరుగు గూడెం వాడు, ఈ ఊరి చిలకమ్మకు అల్లుడు. అల్లుడెలా అయ్యాడంటే, కిందటేడు చైత్రంలో ఈ అడవిలోనే బలిసిన దుప్పిని కొట్టి తెచ్చాడు. ఆ ఏడు అకాలపు గాలివానకు కొండమీది ఇప్పమొగ్గంతా నేలరాలిపోయింది. లోయ మూలన గాలి తగలని చోట ఒక్క చెట్టు మాత్రం పూసింది. సుక్రన్న దానికింద కూర్చున్నాడు, దుప్పి వచ్చింది, కొట్టాడు. అంత చెయ్యి తిరిగిన కుర్రాణ్ణి వదులుకోకూడదని చిలకమ్మ తన కూతురు గంగిని ఇచ్చి పెళ్లి చేసింది.

ఈ ఏడు అడవంతా ఇప్పపూల వాసన. ఏ చెట్టు చూసినా కొమ్మకొమ్మకీ గుత్తులు. తెల్లవారేసరికి ప్రతి చెట్టు కిందా పూలు, లేతపసుపు రంగులో, మెత్తగా, తియ్యగా. దుప్పులకు వాటిని మించిన విందు లేదు. సుక్రన్న సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "కరువు ఏటే ఒకటి కొట్టినాను అత్తా, ఈ ఏడు వేరే చెప్పాలా? కావడి కట్టి ఉంచు," అన్నాడు. చిలకమ్మ ఆ మాట ఊరంతా చెప్పింది.

ఇక్కడ ఇటుకల పండుగ గురించి చెప్పాలి. చైత్రంలో ఆ పండుగకు మగవాళ్లంతా వేటకు పోతారు. ఆడవాళ్లు ఊరి మొగలో బురదనీళ్లూ పేడనీళ్లూ కలిపిన కడవలతో కాచుకుని ఉంటారు. వేటతో వచ్చినవాడికి పాట, ఒట్టి చేతులతో వచ్చినవాడికి కడవ. ఆ గూడెంలో ఇంకో నియమం కూడా ఉంది: పెళ్లైనవాడి మీద మొదటి కడవ పెళ్లామే పొయ్యాలి. పండుగ ఆఖరి రోజు వేకువన బయల్దేరుతుంటే గంగి వాకిట్లో ఆపి, "ఏటో ఒకటి పట్టుకురా. ఎలకైనా సరే. అందరి ముందూ నా చేత పోయించకు," అంది. సుక్రన్న నవ్వి, పసుపు అంచు చెరగని పెళ్లిపంచె కట్టుకుని గురువు దగ్గరికి పోయాడు.

"ఎక్కడ కూసుంటావురా?" అన్నాడు బుదరయ్య.

"కిందటేడు చెట్టు కిందే గురువా. నాకు అచ్చొచ్చిన చెట్టు."

ముసలాయన ఆ పంచెను కిందా మీదా చూశాడు. "అయితే పాత పంచె కట్టుకో," అన్నాడు. తాను కట్టుకున్నది సరిగ్గా అలాంటిదే: చిరుగులు, మరకలు, రంగేమిటో దేవుడికే తెలియాలి. సుక్రన్న ఆ మాటను ముసలితనం కింద జమకట్టి ఆయన వెంట అడవిలోకి నడిచాడు.

అచ్చొచ్చిన చెట్టు కింద కూర్చున్నాడు. పూలు నెత్తిమీద రాలాయి, వింటిమీద రాలాయి, నోరు తెరిచి ఆవులిస్తే నోట్లో కూడా ఒకటి పడింది. దుప్పి మాత్రం రాలేదు. అవతలి వాలున దుప్పి కూత వినిపిస్తే పరుగెత్తాడు. అక్కడ పూలు తిన్న జాడ ఉంది, దుప్పి లేదు. అటు పోయేసరికి ఇటు కూత. ఇటు వచ్చేసరికి గట్టు మీద కూత. ఎండ నెత్తికెక్కేసరికి చెమటలు కారుతూ గురువు దగ్గరికి వచ్చాడు. ఆయన ఒక చెట్టు నీడలో పడుకుని రాలిన పూలు ఏరుకు తింటున్నాడు.

"అడవిలో దుప్పులు లేవు గురువా! ఎవడో మంత్రం పెట్టి తోలేసినాడు."

బుదరయ్య పడుకున్నచోటి నుంచే చెట్టు మొదలు చూపించాడు. "ఇదేటి?"

"గిట్టల గుర్తులు."

"ఆ పక్క చెట్టు కింద?"

"గిట్టల గుర్తులే."

"దాని పక్కన?"

సుక్రన్నకు కోపం వచ్చింది. "అవీ గిట్టలే! ప్రతి చెట్టు కిందా ఉన్నాయి. మరి కిందటేడు అంత కరువులో నా కాళ్ల దగ్గరికి నడిచొచ్చిన దుప్పి, ఈ ఏడు ఇంత పూస్తే ఎందుకు రాదు? అది చెప్పు ముందు!"

గురువు చుట్ట తీశాడు, నిప్పు లేదు, మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు. "నడు, ఊళ్లో నిప్పు దొరుకుతాది," అని లేచాడు.

వాళ్లు వచ్చేసరికి కుందేలు తెచ్చినవాడికీ, అడవికోడి తెచ్చినవాడికీ పాటలు అయిపోయాయి. ఆడవాళ్లు వీళ్ల కోసమే కాచుకుని ఉన్నారు. "ఏటి బావా, దుప్పి ఏదీ? ఎనకాల నడిచొస్తందా?" అంది ఒక మరదలు. "సిగ్గుపడి పొదల్లో ఆగిపోనాది కాబోలు, పిలవండే!" అంది ఇంకొకతె. గంగి కడవ ఎత్తింది. ఒక్క క్షణం మొగుడి ముఖం చూసింది, పెళ్లిపంచె చూసింది, కళ్లు గట్టిగా మూసుకుని గుమ్మరించింది. ఆ తరవాత ఎన్ని కడవలు పడ్డాయో సుక్రన్నకు తెలియదు. చెవుల్లో పేడ ఉంది. పక్కన గురువుగారు పాత పంచెలో తల వంచి నిలబడి, "వీపు కూడా అమ్మా, వీపు కూడా," అంటూ శ్రద్ధగా పోయించుకుంటున్నాడు.

ఊరి పక్క వాగు గెడ్డలో మునిగి వచ్చి ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. పెళ్లిపంచె పసుపు అంచు ఏ పక్క ఉండేదో సుక్రన్న వెతుక్కుంటున్నాడు. బుదరయ్యకు నిప్పు దొరికింది. "గురువా, నేనడిగినదానికి..." అని మొదలెట్టబోతే ఆయన చెయ్యెత్తి ఆపి, ఎదురింటికేసి చూశాడు.

ఎదురిల్లు చిలకమ్మది. కిందటేడు పంట పోయినప్పుడు గూడెంలో చోళ్లు, అంటే రాగులు, మిగిలినది ఆవిడ గాదెలోనే. ఆవిడ అంబలి కాస్తే ఊరు ఊరంతా ఆ వాకిట్లోనే ఉండేది. ఈ ఏడు ఇంటింటా గాదెలు నిండాయి. ఆవిడ అల్లుడి దుప్పి కోసమని పెద్ద కుండ ఎక్కించింది. దుప్పి రాలేదు గనక గుమ్మడికాయ వేసి వండి, గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"రండర్రా, తిని పొండి!"

"మా ఇంట్లోనూ ఉడికింది పిన్నీ," అంటూ ఒకడు వెళ్లిపోయాడు.

"ఇప్పుడే తిన్నాం వదినా," అంది ఇంకొకామె, ఆగకుండానే.

ఆవిడ గరిటెతో కుండ అంచు మీద కొట్టింది. ఎవరూ తల తిప్పలేదు. చివరికి అరుగు మీద ఉన్నవాళ్ల మీదికి తిరిగింది. "చూసినావా బుదరన్నా, లోకం! కిందటేడు నా చేతి వంటకి ఈ ఊరు తోసుకుంటూ కొట్టుకుంటూ వచ్చినాది. అదే చెయ్యి, అదే కుండ. ఈ ఏడు ఒక్కడూ రాడు. నా వంట మీద ఎవత్తో దిష్టి పెట్టినాది!"

సుక్రన్న అత్తగారి వైపు చూశాడు. ఆవిడ చేతిలో గరిటె వైపు చూశాడు. గోడకు ఆనించిన తన వింటి వైపు చూశాడు.

బుదరయ్య పొగ వదిలి, లేచి, తడి పంచె దులుపుకున్నాడు. "అత్తా అల్లుడూ ఒకే చెట్టు కింద కూసున్నార్రా," అన్నాడు. "నడు, మనమైనా పోయి తిందాం."

"అంతేనా మామ్మా?" అన్నాడు మనవడు. "ఎందుకు రాలేదో గురువుగారు చెప్పనే లేదు!"

"అయితే మార్కు నాకా, వాడికా?" అంది మనవరాలు.

మామ్మ అప్పటికే మామిడిముక్కల పళ్లెం ఎత్తుకుంది. "ఇంకా సగం తుడవనేలేదు, చెమ్మ ఉంటే ఊరగాయ నిలవదు," అంటూ లోపలికి వెళ్లిపోయింది.