మొదటి గుక్క

నాలుక మీద పడ్డ ఒక్క చుక్కను బట్టి ఆ ఆకు ఏ కొండ మీద పెరిగిందో చెప్పగలిగిన మనిషికి, ఆ టీ కాచిన మనిషి గురించి ఎంత తెలిసి ఉండాలి? మిమ్మల్నే అడుగుతున్నాను. తొందరపడి జవాబు చెప్పకండి. ముందు పీరావలి కథ వినండి.

పీరావలిది బేతంచెర్ల. దూదేకుల ఇంటివాడు, నాపబండల వ్యాపారం. బండల లోడు ఏ ఊరికి పోతే ఆ ఊరికి తనూ పోయేవాడు. దూరం పోయిన మగవాళ్లు ఇంటికి చీరో మిఠాయో తెస్తారు. పీరావలి టీ ఆకు తెచ్చేవాడు.

అతని ఇంట్లో వంటగది గోడకు ఒక బండ అలమర ఉండేది. దాని నిండా రేకు డబ్బాలు. పొద్దున్నే నిద్ర వదలడానికి అస్సాం పొడి. పాలు పోసి మరిగిస్తే ఇటుకరంగు తేలుతుంది, గొంతు వెనక గట్టిగా పట్టుకుంటుంది. పదకొండింటికి నీలగిరి. తేలిక, కానీ చురుకు. మధ్యాహ్నం భోజనమయ్యాక డార్జిలింగ్ పొడుగాకు. దానికి పాలు తగిలితే చచ్చిపోతుందంటాడు పీరావలి. మరిగించకూడదు, కాగిన నీళ్లు పోసి మూత పెట్టాలి, గాజు గ్లాసులోనే తాగాలి. సాయంత్రం అల్లం దంచిన టీ, వాన పడితే పుదీనా. చలికాలం కశ్మీరు పచ్చాకు, అందులో నాలుగు కుంకుమపువ్వు రేకులు.

ఇవన్నీ తాగేది పీరావలి. కాచేది అతని భార్య మాలంబీ.

ఆమెకు ఇవన్నీ అతనే నేర్పాడు. ఏ ఆకుకు ఎంత సెగ, ఏ ఆకు ఎంతసేపు నానాలి, అన్నీ. గ్లాసులో పోసే ముందు ఆమె గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకి చూసేది. తల ఊపుకుని అప్పుడు పోసేది. పెళ్లయిన కొత్తలో పీరావలికి ఆ అలవాటు ముద్దుగా ఉండేది. అతను తాగి లేచాక, వడగట్టగా మిగిలిన పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి, కాచి, పొయ్యి దగ్గరే తాగేది ఆమె. ఎప్పుడు తాగుతుందో అతనెప్పుడూ చూడలేదు.

ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మొదటి గుక్క నోట్లో ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. పీరావలి కళ్లు మూసుకుని, గుక్కను నాలుక మీద తిప్పుతూ, చూపుడువేలు పైకెత్తేవాడు. ఎవరు మాట్లాడుతున్నా ఆపేయాలి. ఉండేది ఇద్దరే కాబట్టి, ఆపాల్సింది ఎప్పుడూ మాలంబీయే.

ఊరి బయట పాత గనుల గట్టున ఒక చిన్న దర్గా ఉంది. అక్కడ దస్తగిరి తాత ఉండేవాడు. ఆయన భుజం మీద ఒక పచ్చ తువ్వాలు. ఆయన గురువు వేసినది, ఆ గురువుకు ఆయన గురువు వేసినది. దాన్ని నేల తాకనిచ్చేవాళ్లు కాదు. వచ్చినవాళ్లు కళ్లకద్దుకునేవాళ్లు. తాతకు చూపు తగ్గుతోంది, నడక తగ్గుతోంది. ఇక ఆ తువ్వాలు ఎవరి భుజం మీదికి పోతుందా అని ఊరంతా చూస్తోంది.

తన భుజం మీదికేనని పీరావలి నమ్మకం. ఒక శుక్రవారం ఉండబట్టలేక అడిగేశాడు.

"తాతా, మనసు నిలపమంటావు గదా నువ్వు. వీళ్లంతా కళ్లు మూసుకుని కూర్చుంటారు, ఆఖరికి గురక పెడతారు. నాకా బాధ లేదు. ఒక్క గుక్క టీ చాలు. మనసు గుంజకు కట్టేసినట్టు నిలబడిపోతాది."

పక్కన కూర్చున్న చాంద్‌బాషా ఊరుకోలేదు. "అట్లయితే మనమంతా పోయి బస్టాండు హోటల్లో కూచుందాం పా తాతా. దర్గా ఎందుకు దండగ?"

"నవ్వు, నవ్వు. నీకు ఉప్పుకూ చక్కెరకూ తేడా తెలిసినప్పుడు మాట్లాడుదువు గానీ."

తాత నవ్వలేదు. "ఆ గుక్క నోట్లో ఉన్నప్పుడు ఇంకేమీ వినపడదా వలీ?"

"ఏమీ వినపడదు తాతా." పీరావలి గొంతులో పొంగు. "పక్కన పిడుగు పడినా వినపడదు."

తాత గని గుంటలోని నీళ్ల వైపు తిరిగాడు. తర్వాత అన్నాడు:

"రేపు మీ ఇంటికొస్తా. టీ తాపుదువు గానీ."

తాత ఎవరింటికీ పోయే మనిషి కాదు. ఇక సందేహం లేదు. పీరావలి గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు.

"మాలంబీ! తాత వస్తాండాడు రేపు. అస్సాం పొడి వెయ్యి. అల్లం వద్దు, రెండు యాలకలు చాలు. ఈ మధ్య నువ్వు పెడుతున్న టీ మాదిరి పెట్టొద్దు తల్లీ, నీకు దండం పెడతా. ఒకరోజు చక్కెరే ఉండదు, ఒకరోజు పాకమే పోస్తావు. నీ ధ్యాస యాడుంటాదే?"

మాలంబీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. ఈ మధ్య ఆమె మాటలు తగ్గించింది. వక్కాకు నమలడం కూడా మానేసింది. ఎన్నేళ్లుగానో మానమని చెప్తున్నాడు, ఇన్నాళ్లకు తన మాట విన్నదని పీరావలి సంతోషపడ్డాడు. కాస్త చిక్కినట్టు కనిపిస్తే, ఎండలు అనుకున్నాడు.

మర్నాడు తాత వచ్చి చాప మీద కూర్చున్నాడు. మాలంబీ రెండు గ్లాసులు తెచ్చి పెట్టింది.

"బాగుండావా అమ్మా?"

చెంగు తియ్యకుండానే ఆమె తల ఊపి, లోపలికి పోయింది. తాత ఆమె పోయిన వైపే చూస్తూ కూర్చున్నాడు.

పీరావలి గ్లాసెత్తి కళ్లు మూసుకున్నాడు. వేలు లేచింది. గుక్క నాలుక మీద పడింది.

మొహం మాడిపోయింది.

"ఏమే మాలంబీ! ఇదేం టీ? పాలు అడుగంటినాయి, నీ ముక్కు ఏమైంది? ఇంటికి ఎవరొచ్చినారో తెలుసునా నీకు? తాతా, తాగొద్దు, ఆ గ్లాసు పక్కన పెట్టు. ఇంకోసారి కాపిస్తా."

తాత గ్లాసు దించలేదు. ఒక్కొక్క గుక్కే తాగి, ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"చెప్పు వలీ. ఇందులో ఏముంది?"

పీరావలికి ప్రాణం లేచొచ్చింది. టీ చెడితే చెడింది, తన నాలుక చెడలేదు. "అస్సాం పొడి తాతా. బాగా ఎక్కువ మరిగింది. పాలు అడుగంటిన కంపు. చక్కెర రెండింతలు. యాలకలు దంచలేదు, తొక్కతో అట్లనే వేసేసింది."

"అంతేనా?"

"అంతే."

"కాచినామె రుచి చూసిందా?"

"చూడకుండా ఎట్లుంటాది? అరచేతిలో చుక్క వేసుకుని చూడందే గ్లాసులో పొయ్యదు. పెళ్లైనప్పటి నుంచీ అంతే."

"ఈరోజు చూసిందా?"

పీరావలికి తెలియదు. ఈరోజే కాదు, నిన్నా తెలియదు. ఆమె అరచెయ్యి నాకడం తను ఆఖరిసారి ఎప్పుడు చూశాడో వెతుక్కున్నాడు. దొరకలేదు.

తాత మోకాళ్లు పట్టుకుని లేచాడు. పీరావలి ముందున్న గ్లాసు తీసుకున్నాడు. నడిచి పోయి వంటింటి గడప దగ్గర బండల మీద చతికిలబడ్డాడు. గడప పక్కనున్న సాసరు అందుకుని, టీ అందులో పోసి, ఊది ఊది చల్లార్చాడు.

"అమ్మా, రా. మొదటి గుక్క నువ్వు తాగు."

మాలంబీ వద్దని తల అడ్డంగా ఊపింది.

"తాతా, నువ్వు గడపలో కూచోవడమేంది? ఆమె తర్వాత తాగుతాదిలే, ఆమెకు రోజూ..."

తాత వెనక్కి తిరగకుండానే చూపుడువేలు పైకెత్తాడు.

పీరావలి మాట అక్కడే ఆగింది.

మాలంబీ ఇద్దరినీ చూసింది. తాత సాసరు చాపే ఉంచాడు. పెద్దాయన చెయ్యి నొప్పెడుతుందనేమో, కిందికి వంగి అందుకుంది. చెంగు పక్కకు తీసింది.

నోరు పూర్తిగా తెరుచుకోలేదు. వేలి మందం సందు. అందులోకి సాసరు అంచు పెట్టి వంచింది. కళ్లు మూసుకుంది. పీరావలి రోజూ మూసుకునేట్టు కాదు, నిప్పు తాకినవాళ్లు మూసుకునేట్టు. టీ లోపలికి పోలేదు. నోటి మూల నుంచి జారి, దవడ మీద వాపు చుట్టూ తిరిగి, మెడ మీదికి కారింది.

ఆ వాపును పీరావలి అప్పుడే మొదటిసారి చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

ఆమె సాసరు కింద పెట్టింది. తాత లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కర్నూలులో డాక్టరమ్మ ఆ చిన్న సందులోంచే లైటు వేసి చూసింది. మెడ కింద వేళ్లతో తడిమింది. ముక్క తీసి పరీక్షకు పంపింది. మళ్లీ వెళ్లిన రోజు, కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా చెప్పింది. ఆపరేషన్‌తో పోయే దశ దాటిపోయింది. ఇక నొప్పి తగ్గించడమే.

"ఇది నిన్నా మొన్నా లేచింది కాదండీ. తిండి మింగలేదు, వేడి తాకలేదు. రుచి కూడా తెలిసుండదు. ఇంత బాధ ఎట్లా ఓర్చుకున్నావమ్మా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

మాలంబీ మొగుడి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆమె నెమ్మదిగా కుడిచెయ్యి ఎత్తి, చూపుడువేలు నిలబెట్టింది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. "ఏమంటోంది?"

పీరావలికి కొన్ని నెలల కిందటి ఒక రోజు గుర్తొచ్చింది.

వాన పడుతున్న పొద్దు. కొత్త డబ్బా ఆ రోజే తెరిచాడు. మాలంబీ గ్లాసు అందించి, వెళ్లకుండా పక్కనే నిలబడింది. 'ఏమయ్యా, నా నోట్లో...' అంది. వేలు లేచింది. ఆమె ఆగింది. గుక్క దిగాక అతనే మాట్లాడాడు: 'అబ్బ! ఎండుగడ్డి వాసన, పైన తేనె! చూడు మాలంబీ, ఇదీ ఆకు అంటే!' ఆమె 'ఊఁ' అని లోపలికి పోయింది. ఏదో చెప్పబోయావే అని అతను అడగలేదు. ఇంకొక రోజు మళ్లీ వచ్చి నిలబడింది. మళ్లీ వేలు లేచింది. ఆ తర్వాత ఆమె నిలబడలేదు.

ఆ రెండు రోజుల్లో తాగిన టీలు ఏవో అతనికి ఇప్పటికీ గుర్తున్నాయి.

కర్నూలు నుంచి ఇంటికి వచ్చారు. లోడు వెంట పోవడం మానేశాడు పీరావలి. దర్గాకు కూడా పోలేదు. పొయ్యి దగ్గర నిలబడి, ఏ టీ కాయాలో తెలియక అలమర వైపు చూశాడు. మాలంబీకి ఏది ఇష్టమో అతనికి తెలియదు.

డబ్బాలన్నీ తెచ్చి మంచం మీద పెట్టాడు. ఒక్కొక్కటే మూత తీసి ఆమె ముక్కు దగ్గర పట్టాడు. అస్సాం. ఆమె మొహం తిప్పుకుంది. నీలగిరి. ఊరుకుంది. డార్జిలింగ్ పొడుగాకు. ఆ డబ్బా దగ్గర ఆమె ముక్కు ఆగింది. కళ్లు మూసుకుని చాలాసేపు పీల్చింది. ఇన్నేళ్లు కాచింది. దాని మొదటి నీళ్లు ఒక్కసారి కూడా తాగలేదు.

కాగిన నీళ్లు పోశాడు. మూత పెట్టాడు. తేరాక గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకున్నాడు. వేడిగా ఉంది. ఆగాడు. మళ్లీ ఒక చుక్క. మళ్లీ ఆగాడు. చేతికి చల్లగా తగిలేదాకా అట్లాగే నిలబడ్డాడు.

చెంచాతో నోటి సందులో పోశాడు. సగం లోపలికి పోయింది. సగం దవడ మీదుగా కారింది. తుడవడానికి గుడ్డ కోసం అటూ ఇటూ చూశాడు.

వాకిట్లో దస్తగిరి తాత నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. లోపలికి వచ్చి, భుజం మీది పచ్చ తువ్వాలు తీసి, పీరావలి ముందు చాపాడు.

పీరావలి చెయ్యి వెనక్కి పోయింది. "దీంతోనా తాతా?"

"తుడువు."

పీరావలి తువ్వాలు తీసుకున్నాడు. మడత విప్పి, అంచుతో ఆమె నోటి మూల, దవడ, మెడ ఒత్తి తుడిచాడు. పచ్చ గుడ్డ మీద టీ మరక పాకింది.

మాలంబీ గొంతులో ఏదో కదిలింది. మాటలా లేదు. పీరావలి చెంచా పక్కన పెట్టాడు. ఒంగి, ఆమె నోటి దగ్గరికి చెవి చేర్చి, అట్లాగే ఉండిపోయాడు.

టీ చల్లారిపోయింది.

కథ అయిపోయింది, లేవండి. ఈ సాయంత్రం మీ ఇంట్లో టీ మీరు కాచండి. చెయ్యి కాలితే కాలనివ్వండి. మొదటి గ్లాసు, ఇన్నాళ్లూ మీకు కాచి పోసిన మనిషి చేతికివ్వండి. ఇచ్చి వెళ్లిపోకండి, ఎదురుగా కూర్చోండి. ఆమె తాగడం చూడండి. ఆమె ఏదైనా చెప్పబోతే, మీ నోట్లో ఏమున్నా మింగేసి వినండి.