పైడమ్మ గడి

కాళ్ళు ఆడించకుండా పడుకో, చెబుతాను.

అనగనగా ఒక బస్తీ, ఆ బస్తీలో పెళ్ళిపత్రికలు అచ్చేసే ప్రెస్సొకటి. ఆ ప్రెస్సు కూర్మారావుది. ఆయన పెళ్ళాం పైడమ్మ.

పైడమ్మకి చూపు మసకేసింది. అప్పుడు డాక్టరు చూసి, "పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఆలస్యం చేస్తే పోయిన చూపు ఇక రాదు" అన్నాడు.

అలాగేనన్నాడు కూర్మారావు, కానీ కదల్లేదు. ప్రేమ లేక కాదే తల్లీ, ఆయనకో పిచ్చి. ఏ పనైనా ముందు కాగితం మీద గడులు గీసి, గడిలో రాసుకుంటేగానీ కదిలేవాడు కాదు. పొద్దుటికో గడి, మధ్యాహ్నానికో గడి. ఆ కాగితం సరిగ్గా కుదిరితే మనసు చెదరదట, పనులు వాటంతటవే అయిపోతాయట.

సరే, ఒక కాగితం గీశాడు. గడులు ఇరుకైపోయాయని చింపేశాడు. అప్పటికి పైడమ్మకి బియ్యంలో రాళ్ళు కనబడ్డం మానేశాయి.

ఆ తర్వాత ఇంకోటి గీశాడు. గీతలు మరీ నల్లగా ఉన్నాయి, రాత మీద దృష్టి నిలవడం లేదన్నాడు. అదీ చింపేశాడు. అప్పటికి పైడమ్మ కూరని కంచం పక్కన నేలమీద వడ్డిస్తోంది.

"ఏమండీ, పక్కింటివాళ్ళతో వెళ్ళొస్తాను" అంది.

"నేనుండగా వాళ్ళెందుకు? కాగితం కుదరనీ, మొదటి పని నీదే" అని మూతి ముడిచాడు. ఆ పిచ్చితల్లి నమ్మి ఊరుకుంది. నాకక్కడే ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత మూడోది కుదిరింది. ఎంత బాగా కుదిరిందంటే, ప్రెస్సులో అచ్చేస్తే చదువుకునే పిల్లలూ కొట్లవాళ్ళూ ఎగబడి కొనుక్కుపోయారు. కూర్మారావు మాత్రం ఒకటి దాచి, పైగడిలో ఎర్రసిరాతో 'పైడమ్మ కళ్ళు' అని రాసి, గబగబా ఇంటికొచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"చూడు, అన్నిటికంటే పైన నీ పనే" అన్నాడు.

పైడమ్మ కాగితాన్ని వేళ్ళతో తడిమింది. "నున్నగా ఉందండీ. ఎక్కడ రాశారు?" అని అడిగింది.

అప్పుడు ఆయన ఆవిడ వేలు పట్టుకుని ఆ గడి మీద పెట్టాడు.

మర్నాడే పట్నం వెళ్ళారు. ఇప్పుడా తీసుకొచ్చేది అన్నారు అక్కడి డాక్టర్లు.

ఆ కాగితాలు ఇంకా బాగానే అమ్ముడుపోతున్నాయి. కూర్మారావు మాత్రం గడులు గీయడం మానేశాడు. రోజూ పొద్దున్నే చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతాడు. ఏరితే ఏం లాభం చెప్పు.

కథ కంచికి, కునుకు కంటికి.