అమ్మిన రోజున ఉన్నట్టే

కొండమీది కాఫీ తోట యజమాని నరసరాజు తన పాత, పైకప్పు లేని నాలుగు చక్రాల మోటారు బండిని సైకిల్ షాపు పైడమ్మ మొగుడికి అమ్మాడు. వారం తిరక్కుండానే ఘాటు మలుపులో బ్రేకు పడలేదు. బండి చెట్టుకు తగిలి ఆగింది, మనిషి లోయలో పడి చనిపోయాడు.

"బ్రేకు డిస్కు ముందే వంకరగా ఉంది దొరా," అని పైడమ్మ ఏడ్చింది.

"నేనమ్మినప్పుడు తిన్నగానే ఉంది. పడ్డప్పుడు వంగింది," అన్నాడు నరసరాజు. ఊరి పెద్దలు తలూపారు.

పెద్దకర్మ అయిన మర్నాడు పైడమ్మ పెద్దల్ని వెంటబెట్టుకుని, ఆ బండి మీదే రాజుగారి గుమ్మంలోకి వచ్చింది.

"డిస్కు బాగుచేశాను దొరా. మీరమ్మిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. అమ్మాయిగారిని ఎక్కించండి, ఘాటు కిందిదాకా తిప్పి తీసుకొస్తాను."

కూతురు సరదాపడి బండెక్కబోయింది.

"వద్దు! ఎక్కకే!" నరసరాజు గావుకేక పెట్టాడు.

పెద్దలు తెల్లబోయి అతనికేసి చూశారు. పైడమ్మ ఇంజను ఆపింది.

"డిస్కుని నేను ముట్టుకోనే లేదు దొరా. ఆ 'వద్దు' అన్న ఒక్క మాట మా ఆయనతో అని ఉంటే సరిపోయేది," అంది.