ఎండిన తూముకి ఒక చెంబు నీళ్ళు

అనగనగా ఓ రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మకరధ్వజుడు, రెండోవాడు సింహధ్వజుడు, ఆఖరివాడు కువలయుడు. పెద్దవాళ్ళిద్దరూ కత్తి పడితే మొనగాళ్ళే గానీ, ఒకరు చెప్పింది చెవిన పెట్టే రకం కాదు. కువలయుడు మాత్రం నాయనమ్మ చెయ్యి పట్టుకుని గుళ్ళు తిరిగిన పిల్లవాడు.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో ఏనాటిదో పాత శివాలయం ఉండేది. కరాళుడనే మాంత్రికుడు దాన్ని ఆక్రమించాడు. పూజారుల్ని తరిమేశాడు. పొరుగు రాజుగారి కూతురు హేమలేఖని ఎత్తుకొచ్చి, తనను పెళ్ళాడమన్నాడు. ఆ పిల్ల అసాధ్యురాలు! ఛీ పొమ్మని గర్భగుడిలోకి దూరి కూర్చుంది. లోపల అఖండదీపం వెలుగుతున్నంతవరకూ వాడు ఆ గడప తొక్కలేడు. దీపం ఆరిందా, గుడీ వాడిదే, పిల్లా వాడిదే.

ఆమెను విడిపించి తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. అప్పుడు కువలయుడు బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున ఓ ముసలి తాబేలు కూర్చుని ఉంది.

"ఎక్కు నాయనా, దించుతాను. మీ అన్నల్నీ నేనే దించాను. మూడు మాటలు చెప్పాను, వింటేగా! గాలిగోపురం కింద తల వంచు. నంది చెవిలో చెప్పుకోకుండా లోపలికి పోకు. సోమసూత్రం దాటకు."

"మరి మాంత్రికుడు చచ్చేదెలా, తాతా?"

"వాడి ప్రాణం ఓ చిలకలో ఉంది. ఏ చిలకో నందిని అడుగు."

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. గాలిగోపురం కింద మకరధ్వజుడు కనిపించాడు. ఎత్తిన తల ఎత్తినట్టే రాయైపోయి ఉన్నాడు! కువలయుడు తల వంచుకుని లోపలికి నడిచాడు. నంది పక్కన సింహధ్వజుడు, పరుగెత్తుతున్నవాడు పరుగెత్తుతున్నట్టే రాయి. కువలయుడు అన్న భుజం ఓసారి తడిమి నంది చెవిలో చెప్పాడు. "మా అన్నలు నాకు కావాలి స్వామీ. ఇంకేమీ అడగను."

తర్వాత నంది కొమ్ముల మధ్యనుంచి లోపలికి చూశాడు. లింగం, దీపం, చమురు అడుగంటిన ప్రమిదకి చెయ్యి అడ్డం పెట్టుకుని హేమలేఖ. ద్వారబంధం నిండా చెక్కిన చిలకలు బారులు బారులు. అన్నీ రాళ్ళే. ఒక్కదాని గొంతు మాత్రం కొట్టుకుంటోంది! అడక్కుండానే చూపించింది నంది.

చటుక్కున వెళ్ళి దాన్ని పెరికాడు. పెరికాడే గానీ, చేతికొచ్చింది రాతి చిలక. ఎంత పిసికినా చెయ్యే నొప్పెట్టింది.

"ఒరేయ్!" అని గుడి దద్దరిల్లింది. కరాళుడు!

కువలయుడు పక్క వాకిట్లోంచి బయటపడి గుడి చుట్టూ పరుగందుకున్నాడు. మూల తిరిగేసరికి ఎదురుగా సోమసూత్రం. శివుడికి అభిషేకం చేసిన నీళ్ళు గర్భగుడిలోంచి బయటికి పారే రాతి తూము అది. ఆ నీళ్ళు గంగతో సమానం, దాటకూడదు. అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరగాలి. చిన్నప్పుడు నాయనమ్మ ఎన్నిసార్లు రెక్క పట్టుకుని వెనక్కి తిప్పిందో! కానీ ఇప్పుడు వెనక్కి తిరిగితే మాంత్రికుడి నోట్లోకే.

అయినా తిరిగాడు. వాడి చంక కిందనుంచి దూరి, వచ్చిన దారినే పరుగెత్తి, గుడంతా చుట్టి తూముకి అవతలి పక్కకి చేరాడు. కరాళుడు కదల్లేదు. ఇవతలే నిలబడి విరగబడి నవ్వాడు.

"ఎండిపోయిన తూముకి భయపడి ఇంత దూరం తిరిగావట్రా, వెర్రివెధవా! దీన్ని నేను రోజూ దాటుతాను!"

నిజమే. ఏళ్ళ తరబడి అభిషేకం లేదు. తూములో సాలెగూడు తప్ప చుక్క నీరు లేదు. కువలయుడు తూముకి నోరు ఆనించి గొంతు చించుకున్నాడు. "రాజకుమారీ! స్వామికి నీళ్ళు పోయండి!"

హేమలేఖ దగ్గర ఉన్నది ఒకే ఒక్క చెంబు, తాగడానికి దాచుకున్నది. దప్పిక పోతే పోనీ, దీపం మాటేమిటి? చెయ్యి తీస్తే గాలికి ఆరిపోతుందేమో! "నీదే భారం తండ్రీ" అని చెయ్యి తీసేసి, చెంబెత్తి లింగం మీద కుమ్మరించింది.

కరాళుడు కాలెత్తాడు. సాలెగూడు చీల్చుకుంటూ నీళ్ళు బొళబొళా వచ్చాయి. కాలు అవతల పడేసరికి వాడి మంత్రాలన్నీ నాలుక మీదే ఎండిపోయాయి. కువలయుడి పిడికిట్లో రాయి వెచ్చబడింది, మెత్తబడింది. ఈకలు! లోపల చిన్న గుండె టకటకా కొట్టుకుంటోంది.

మాంత్రికుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "పట్టుకో నాయనా! గట్టిగా పట్టుకో! వదలకు!"

"దీని మెడ విరవడానికి నాకు చేతులు రావు" అన్నాడు కువలయుడు. "పంజరంలో పెట్టడానికీ మనసు రాదు." పిడికిలి విప్పాడు. చిలక తుర్రున గోపురం దాటి వెళ్ళిపోయింది. ప్రాణం వెళ్ళిపోయాక ఒళ్ళు నిలుస్తుందా? కరాళుడు బూడిదకుప్ప అయ్యాడు.

దీపమా? ఆరలేదర్రా! గోపురం కింద మకరధ్వజుడు తల దించాడు. సింహధ్వజుడు కదలగానే ముందు నంది చెవి దగ్గరికే వెళ్ళాడు. ఏం చెప్పాడని నన్నడక్కండి, అది వాళ్ళిద్దరి మధ్య మాట.

కువలయుడికీ హేమలేఖకీ ఆ గుళ్ళోనే పెళ్ళయింది. ఆ దీవినే రాజ్యం చేసుకుని, మనవలూ మునిమనవలూ పుట్టేదాకా చల్లగా ఏలారు. మహారాణి అయినా సరే, తెల్లారితే స్వామికి మొదటి చెంబు ఆవిడే పోసేది. ఆ తూము మళ్ళీ ఎండింది లేదు. చెప్పీ చెప్పీ నా నోరే ఎండిపోయింది. ఎవరర్రా అక్కడ, లేచి ఓ చెంబు నీళ్ళు తెండి.